హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ రెండూ ఆడే డ్యూయల్ ప్లేయర్లు: ఎవరిని లెక్కపెట్టాలి, ఇప్పుడెందుకు కనిపించరు?

పటమట_పీఈటీ:

ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవానికి 8, 9 తరగతుల పిల్లలకు 20 నిమిషాల ప్రసంగం, 10 నిమిషాల డెమో ఇవ్వాలి. అంశం: రెండు ఆటల్లోనూ పైస్థాయికి వెళ్లినవాళ్లు. కబడ్డీ, ఖోఖో కలిపి ఆడేవాళ్ల సంగతి పిల్లలకు కొత్త కాదు, క్లాసులో సగం మంది వాళ్లే. అందుకని ఐర్లండ్ తీసుకున్నాను. కర్రతో ఆడే హర్లింగ్, చేతులూ కాళ్లూ రెండూ వాడే గేలిక్ ఫుట్‌బాల్, ఈ రెండూ ఒకే మనిషి ఆడితే డ్యూయల్ ప్లేయర్ అంటారని అర్థమైంది.

చదివేకొద్దీ తికమక పెరుగుతోంది. టెడ్డీ మెకార్తీ ఒక్కడే అని ఒకచోట ఉంది. జాక్ లించ్ అని ఇంకోచోట. చాలామందే ఉన్నారని మరోచోట. ఏది పట్టుకోవాలి? 1990 ఫైనల్ స్కోరు 5-15, 2-21 అని ఉంది. 21 కొట్టినవాళ్లు ఎలా ఓడిపోయారు? ఇప్పటి తరంలో కౌంటీ స్థాయి డ్యూయల్ ప్లేయర్ పేరు ఒక్కటీ ఎందుకు దొరకడం లేదు? డెమోకి హాకీ స్టిక్కులు, క్రికెట్ బంతులు ఉన్నాయి, సరిపోతాయా?

అరండల్‌పేట_4వలైను:

మాస్టారూ, మూడూ నిజమే. ఎవరు దేన్ని లెక్కపెట్టారన్నదే తేడా.

ముందు జట్ల సంగతి చెప్పండి, లేకపోతే పిల్లలకు మిగతాది ఎక్కదు. ఆటగాడికి రెండు జట్లు. ఒకటి ఊరి క్లబ్బు, రెండోది కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా జట్టు లాంటిది, మొత్తం 32. వేలంపాట లేదు, ఆడినందుకు జీతం లేదు. 1884లో థర్ల్స్ ఊళ్లో సంఘం పెట్టిన నాటి నుంచీ ఇది అమెచ్యూర్ ఆటే. కృష్ణా జిల్లా కుర్రాడు డబ్బులిస్తారని గుంటూరు జట్టుకు వెళ్లనట్టే, కార్క్ వాడు కార్క్‌కే ఆడతాడు. అలాంటి జిల్లా పోటీల ఫైనల్‌కి డబ్లిన్ క్రోక్ పార్క్‌లో 82,300 సీట్లు నిండుతాయి. హర్లింగ్ గెలిస్తే లియామ్ మెకార్తీ కప్పు, ఫుట్‌బాల్ గెలిస్తే శామ్ మగ్వాయర్ కప్పు. ఆ కప్పు మెకార్తీ లండన్‌లో పుట్టిన పాతకాలపు పెద్దమనిషి, మన టెడ్డీ కాదు. పిల్లలు ఆ ప్రశ్న అడిగి తీరతారు.

ఇక లెక్కలు. మొదటిది, ఒకే ఏడాది రెండు కప్పులూ మైదానంలో ఆడి గెలవడం. ఇది టెడ్డీ మెకార్తీది, 1990, కార్క్. సెప్టెంబరు 2న హర్లింగ్ ఫైనల్లో గాల్వే మీద, సెప్టెంబరు 16న ఫుట్‌బాల్ ఫైనల్లో మీద్ కౌంటీ మీద. ఆ ఏడాది డెనిస్ వాల్ష్ కూడా రెండు స్క్వాడ్‌లలోనూ ఉన్నాడు. కానీ రెండు ఫైనల్సూ ఆడి గెలిచింది టెడ్డీయే. గాల్లోకి ఎగిరి బంతి అందుకోవడంలో అతనికి పెద్ద పేరు. రెండు ఆటల్లోనూ పనికొచ్చిన విద్య అది. 2023 జూన్‌లో చనిపోయాడు.

రెండోది, రెండు మెడల్సూ ఉన్నా వేర్వేరు ఏళ్లలో రావడం. ఇక్కడే జాబితా పెరుగుతుంది. మొదటివాడు స్పెయిన్ అనే ఇంటిపేరున్న ఆటగాడు: 1887లో లిమెరిక్‌కి ఫుట్‌బాల్, 1889లో డబ్లిన్‌కి హర్లింగ్. తర్వాత జాక్ లించ్. 1941 నుంచి 1944 దాకా నాలుగు హర్లింగ్ మెడల్స్, 1945లో ఫుట్‌బాల్, 1946లో మళ్లీ హర్లింగ్. వరసగా ఆరేళ్లు ఆరు మెడల్స్. తర్వాత దేశ ప్రధాని కూడా అయ్యాడు. జిమ్మీ బారీ మర్ఫీ 19 ఏళ్లకే 1973 ఫుట్‌బాల్ ఫైనల్లో 2-1 (2 గోల్స్, 1 పాయింటు) కొట్టాడు. తర్వాత 1976, 77, 78, 84, 86లో హర్లింగ్ మెడల్స్. రే కమిన్స్ 1971లో, ఏటా మేటి ఆటగాళ్లకిచ్చే ఆల్ స్టార్ అవార్డులు మొదలైన ఏడాదే, రెండు ఆటల్లోనూ ఆ అవార్డు అందుకున్నాడు. కార్క్ బయట చెప్పాలంటే ఆఫలీ కౌంటీ లియామ్ కరమ్స్: 1981 హర్లింగ్, 1982 ఫుట్‌బాల్. ఆ 82 ఫైనల్లో కెర్రీకి వరసగా ఐదో కప్పు దక్కకుండా ఒక్క పాయింటు తేడాతో ఆపారు, 1-15 మీద 0-17.

మూడోది క్లబ్బు లెక్క. అది వేరే కథ, ఇంకెవరైనా రాస్తారు.

స్కోరు బోర్డు మీద ఇలా రాయించండి: గోల్స్ × 3 + పాయింట్లు. 5-15 అంటే 5 గోల్స్, 15 పాయింట్లు, అంటే 15 + 15 = 30. 2-21 అంటే 6 + 21 = 27. క్రాస్‌బార్ కింద నుంచి నెట్‌లోకి వెళ్తే గోల్, బార్ పైనుంచి రెండు స్తంభాల మధ్యగా వెళ్తే పాయింటు. గాల్వే పైనుంచి ఎక్కువ కొట్టింది, కింద నుంచి మూడు గోల్స్ తక్కువ కొట్టింది, అక్కడే పోయింది. ఆ ఏడాది ఫుట్‌బాల్ ఫైనల్లో గోలే లేదు, 0-11 మీద 0-9. 2025 నుంచి ఫుట్‌బాల్‌లో మాత్రం 40 మీటర్ల ఆర్క్ బయటి నుంచి కొడితే రెండు పాయింట్లు. అవి కూడా రెండో అంకెలోనే కలుస్తాయి, రాసే పద్ధతి మారదు.

దగ్గరికొచ్చి తప్పినవాళ్లనూ చెప్పండి, పిల్లలకు అదే గుర్తుంటుంది. 1999లో షాన్ ఓగ్ ఓ హాల్పీన్ రెండు ఫైనల్సూ ఆడాడు. హర్లింగ్‌లో కిల్కెన్నీ మీద 0-13, 0-12తో గెలిచి, ఫుట్‌బాల్‌లో మీద్ చేతిలో ఓడాడు. 2001లో గాల్వే అలన్ కెరిన్స్‌ది తలకిందులు: ఫుట్‌బాల్ గెలిచారు, హర్లింగ్‌లో టిప్పరేరీకి కప్పు వదిలారు.

కొరిటెపాడు_కార్నర్‌బ్యాక్:

పై రిప్లైకి ఒక దిద్దుబాటు. "ఒక్కడే" అన్నప్పుడల్లా "పురుషుల్లో" అని కలపండి మాస్టారూ. మహిళల్లో హర్లింగ్‌ని కామోగీ అంటారు. కార్క్ అమ్మాయిలు రీనా బక్లీ, బ్రీజ్ కార్కరీ 2005, 2006, 2008, 2009, 2014, 2015లలో కామోగీ, ఫుట్‌బాల్ రెండూ గెలిచారు. టెడ్డీ ఒక్కసారి చేసింది వీళ్లు ఆరుసార్లు చేశారు. ఒక్కొక్కరికి 18 ఆల్ ఐర్లండ్ మెడల్స్: ఫుట్‌బాల్‌వి 11, కామోగీవి 7. రీనా 2012లో ఫుట్‌బాల్ జట్టుకు, 2017లో కామోగీ జట్టుకు కెప్టెన్‌గా కప్పు ఎత్తింది. మీ క్లాసులో ఆడపిల్లలుంటే ప్రసంగం టెడ్డీతో కాకుండా వీళ్లతోనే మొదలుపెట్టండి.

ఇక ఇప్పుడెందుకు లేరంటే, జవాబు క్యాలెండర్‌లో ఉంది. టాలెంట్ తగ్గలేదు.

1990లో హర్లింగ్ ఫైనల్ సెప్టెంబరు మొదటి ఆదివారం, ఫుట్‌బాల్ ఫైనల్ మూడో ఆదివారం. మధ్యలో 14 రోజులు. అంతకుముందు అంతా నాకౌట్. ప్రావిన్స్ (కొన్ని కౌంటీలు కలిసిన ప్రాంతం) గెలిస్తే సెమీ, అది గెలిస్తే ఫైనల్. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య వారాలకు వారాలు ఖాళీ. ఒక ఆట ఖాళీలో రెండో ఆట పడేది.

2018లో హర్లింగ్ ప్రావిన్సుల్లో రౌండ్ రాబిన్ పెట్టారు, అంటే ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఆడాలి. మన్‌స్టర్‌లో ఐదు జట్లు, ఒక్కోదానికి 4 మ్యాచ్‌లు ఖాయం. లెన్‌స్టర్‌లో మొదట ఐదే, 2022 నుంచి ఆరు, అంటే 5 మ్యాచ్‌లు. ఏప్రిల్, మే నెలల్లో వారం తిరిగేసరికి ఇంకొకటి. అదే వారాల్లో ఫుట్‌బాల్ ప్రావిన్స్ పోటీలు. 2023 నుంచి 2025 దాకా ఫుట్‌బాల్‌లోనూ 16 జట్లకు నాలుగు గ్రూపులు పెట్టి ఇంకో మూడేసి మ్యాచ్‌లు కలిపారు. పైగా 2022 నుంచి సీజన్‌నే రెండు ముక్కలు చేశారు, జూలై దాకా కౌంటీ, ఆ తర్వాత క్లబ్బు. ఆ ఏడాది హర్లింగ్ ఫైనల్ జూలై 17, ఫుట్‌బాల్ ఫైనల్ జూలై 24. 14 రోజులు కాస్తా 7 అయ్యాయి. క్లబ్బు ఆటగాడికి ఇది మేలే చేసింది, తన మ్యాచ్ ఎప్పుడో ముందే తెలుస్తోంది. కౌంటీ డ్యూయల్ ప్లేయర్‌కి మాత్రం తలుపు మూసుకుపోయింది.

మ్యాచ్‌ల సంఖ్య కంటే చెడ్డది ప్రాక్టీసు. ఒక కౌంటీ జట్టుకు మామూలుగా వారంలో రెండు సాయంత్రాలు మైదానం, రెండుసార్లు జిమ్, వారాంతం మ్యాచ్ అనుకోండి. ఆదివారం హర్లింగ్ మ్యాచ్ ఆడినవాడికి హర్లింగ్ కోచ్ మంగళవారం తేలికపాటి పని ఇస్తాడు. ఫుట్‌బాల్ కోచ్‌కి ఆదివారం మ్యాచ్ లేదు కాబట్టి అదే మంగళవారం పరుగులు పెట్టించే రోజు. ఇద్దరి ప్లానూ విడివిడిగా సబబే. రెండూ కలిపితే ఆ కుర్రాడి వారంలో తేలిక రోజు అన్నది ఉండదు. తొడ వెనక కండరం, అంటే హ్యామ్‌స్ట్రింగ్, పట్టేసేది అక్కడే. రెండు ఆటల్లోనూ ఎక్కువగా వచ్చే గాయం అదే.

ఇంకోటి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గోల్‌కీపర్ బంతిని మళ్లీ ఆటలోకి కొట్టేటప్పుడు, హర్లింగ్‌లో పక్‌అవుట్, ఫుట్‌బాల్‌లో కిక్‌అవుట్, ఎవరు ఎటు కదలాలో సైగలుంటాయి, ప్రత్యర్థిని బట్టి మారుతుంటాయి. మంగళవారం ప్రాక్టీసుకు రానివాడికి ఆ వారం సైగ తెలియదు. మ్యాచ్‌లో అతను ఒక్కడు తప్పు వైపు పరిగెత్తితే చాలు, బంతి అవతలి వాళ్ల చేతిలో ఉంటుంది. కోచ్‌లు ఒప్పుకోకపోవడానికి సగం కారణం ఇది.

ఉదాహరణకు క్లేర్ పాడ్జ్ కాలిన్స్. 2013లో హర్లింగ్ కప్పు గెలిచాడు. 2014లో రెండూ ఆడాడు, ఫుట్‌బాల్ మేనేజర్ స్వయానా వాళ్ల నాన్నే. 2015 వచ్చేసరికి ఒకటే ఎంచుకోవాల్సి వచ్చింది, ఫుట్‌బాల్ వైపు వెళ్లాడు.

చిలకలూరిపేట_సెంటర్:

క్యాలెండర్ అంటున్నారు గానీ, కోచ్‌ల పంతం కూడా తక్కువేం కాదు. "రెండు పడవల మీద కాళ్లు వద్దు" అని 20 ఏళ్ల కుర్రాడికి చెప్పేస్తే వాడేం చేస్తాడు? పైగా కిల్కెన్నీ లాంటి కౌంటీలో హర్లింగే సర్వస్వం, కెర్రీలో ఫుట్‌బాలే. రెండూ బలంగా ఉన్నవి కార్క్, గాల్వే, డబ్లిన్, ఇంకో ఒకటి రెండు. డ్యూయల్ పేర్లన్నీ కార్క్ చుట్టూ ఎందుకు తిరుగుతాయో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

పటమట_పీఈటీ:

అందరికీ థాంక్స్ అండీ. రీనా బక్లీతోనే మొదలుపెడతాను. మరి క్లబ్బుల్లో డ్యూయల్ ఆట ఇంకా ఎలా నడుస్తోంది? ఇంకో సందేహం, మైదానం ఒకటే, గోల్ పోస్టు ఒకటే అంటున్నారు. మరి ఒక ఆట నుంచి ఇంకో ఆటకు మారేటప్పుడు ఒంటికి ఏం మారుతుంది?

గవర్నరుపేట_గోలీ:

క్లబ్బు సంగతి క్లుప్తంగా. ఊళ్లో రెండు ఆటలకూ ఉండే కుర్రాళ్లు వాళ్లే, మైదానం అదే, చాలాసార్లు కమిటీ కూడా అదే. కాబట్టి ఒక వారం ఇది, ఒక వారం అది అని మాట్లాడుకుంటే జరిగిపోతుంది. కార్క్‌లో ఒకే ఊరి పిల్లలు హర్లింగ్‌కి ఒక పేరుతో, ఫుట్‌బాల్‌కి ఇంకో పేరుతో ఆడతారు. టెడ్డీకి హర్లింగ్‌లో సార్స్‌ఫీల్డ్స్, ఫుట్‌బాల్‌లో గ్లాన్‌మైర్. జాక్ లించ్‌కి గ్లెన్ రోవర్స్, సెయింట్ నికొలస్. పేర్లు చూసి రెండు క్లబ్బులు మారాడని రాసేస్తుంటారు, అది తప్పు. ఇప్పటి ఉదాహరణ కావాలంటే డబ్లిన్ కాన్ ఓ కలహన్. కౌంటీకి ఫుట్‌బాల్ మాత్రమే. తన క్లబ్బు కూలాతో మాత్రం 2017, 2018లో హర్లింగ్ క్లబ్బు కప్పు, 2025 జనవరిలో ఫుట్‌బాల్ క్లబ్బు కప్పు. మీరడిగిన ఇప్పటి తరంలో, కౌంటీ స్థాయిలో కాకపోయినా క్లబ్బు స్థాయిలో, చెప్పుకోదగ్గ పేరు ఇది.

ఒంటి సంగతికొస్తే, చేతుల దగ్గర మొదలుపెట్టండి. హర్లింగ్ కర్రని హర్లీ అంటారు, పెద్దవాళ్లకు 32 నుంచి 36 అంగుళాలు, కింది వెడల్పు భాగం బాస్. కుడిచేతివాటం వాడు కుడిచేయి పైన పట్టాలి, ఎడమచేయి కింద. క్రికెట్ బ్యాట్‌కీ హాకీ స్టిక్‌కీ మన పిల్లలు ఎడమచేయి పైన పెడతారు, కచ్చితంగా దీనికి ఎదురు. ఎందుకంటే పరిగెత్తేటప్పుడు కర్ర ఒక్క కుడిచేతిలోనే ఉంటుంది, బంతి అందుకునేది ఎడమచేయి. ఎత్తులో వచ్చే బంతికి ఎడమచేయి చాపుతాడు, కుడిచేతి కర్రతో దాన్ని కాచుకుంటాడు. అవతలివాడు కూడా అదే బంతి కోసం కర్ర విసురుతుంటాడు. దెబ్బ పడేది ఆ ఎడమచేతి వేళ్ల మీద. తలకు ముఖకవచం ఉన్న హెల్మెట్ 2010 నుంచి తప్పనిసరి, చేతికి మాత్రం అలాంటి నిబంధన లేదు.

ఇప్పుడు డ్యూయల్ ప్లేయర్ లెక్క చూడండి. హర్లింగ్‌లో వేలు విరిగితే ఫుట్‌బాల్ కూడా పోతుంది, ఎందుకంటే ఫుట్‌బాల్‌లో పెద్ద బంతిని రెండు చేతులతో తల పైన పట్టాలి. ఫుట్‌బాల్‌లో తన్నీ తన్నీ గజ్జ దగ్గర పట్టేస్తే హర్లింగ్ పరుగు కూడా పోతుంది. గాయం ఒక ఆటది, సెలవు రెండు ఆటలకూ.

అడుగుల లెక్క రెండింట్లోనూ నాలుగే. బంతి చేతిలో పట్టుకుని నాలుగు అడుగులకు మించకూడదు. ఆ తర్వాతే తేడా. ఫుట్‌బాల్‌లో నేలకు కొట్టి పట్టుకోవాలి, లేదా పాదం మీద వేసి మళ్లీ చేతిలోకి తన్నుకోవాలి. వరసగా రెండుసార్లు నేలకు కొడితే ఫౌల్, పాదం మీద మాత్రం ఎన్నిసార్లయినా. హర్లింగ్‌లో బంతిని బాస్ మీద నిలబెట్టుకుని ఎంత దూరమైనా పరిగెత్తవచ్చు, కానీ చేతిలోకి తీసుకోవడం మొత్తం రెండుసార్లకు మించకూడదు. మన గరిటెలో నిమ్మకాయ పరుగు గుర్తుందా? అదే, కాకపోతే పక్కనుంచి ఒకడు భుజంతో గుద్దుతుంటాడు. నేల మీది బంతిని నేరుగా చేత్తో ఎత్తడం రెండింట్లోనూ తప్పే: ఒకదాంట్లో కాలి వేళ్లతో, ఒకదాంట్లో కర్రతో లేపాలి. డిఫెండర్ తాకి బంతి ఎండ్‌లైన్ దాటితే ఫుట్‌బాల్‌లో 45 మీటర్ల దగ్గర, హర్లింగ్‌లో 65 మీటర్ల దగ్గర అవతలి జట్టుకు ఫ్రీ (సాకర్ ఫ్రీకిక్ లాంటిది). అదే మైదానం, అదే పోస్టు, గీతలు మాత్రం మెదడులో మార్చుకోవాలి.

డెమోకి క్రికెట్ బంతి వద్దే వద్దు మాస్టారూ. హర్లింగ్ బంతి స్లిటర్ 110 నుంచి 120 గ్రాములు. క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములు, హాకీ బంతీ అంతే. హెల్మెట్లు లేని పిల్లల మధ్య తల ఎత్తులో అది ఎగరకూడదు. టెన్నిస్ బంతి వాడండి, 60 గ్రాముల లోపే ఉంటుంది. హాకీ స్టిక్కూ పనికిరాదు. దానికి ఒకవైపే చదును, రెండోవైపు గుండ్రం, హర్లీకి రెండు వైపులా ఆడతారు. పిల్లల ప్లాస్టిక్ క్రికెట్ బ్యాట్లు తెచ్చుకోండి, చదునుగా, తేలికగా ఉంటాయి, నిమ్మకాయ పరుగుకు సరిగ్గా సరిపోతాయి. ఫుట్‌బాల్‌కి మామూలు 5వ సైజు సాకర్ బంతే చాలు. చుట్టుకొలత దాదాపు ఒకటే, గేలిక్ బంతి 480 నుంచి 500 గ్రాములు, కాస్త బరువెక్కువ అంతే.

అసలు మైదానం 130 నుంచి 145 మీటర్ల పొడవు, 80 నుంచి 90 వెడల్పు. 400 మీటర్ల ట్రాక్ లోపలి వెడల్పు 73 మీటర్లే కాబట్టి అందులో కూడా పట్టదు. ఆ ఆశ పెట్టుకోకుండా 40 × 20 మీటర్లు సున్నంతో గీయండి. 30 మంది ఉంటే ఐదుగురు చొప్పున ఆరు గుంపులు. మొదటి 5 నిమిషాలు మూడు గుంపులు బ్యాటు, టెన్నిస్ బంతితో 20 మీటర్ల పరుగు, మిగతా మూడు గుంపులు ఫుట్‌బాల్‌తో నాలుగు అడుగులు, ఒక టప్పా, నాలుగు అడుగులు, పాదం మీద ఒకటి. విజిల్ కొట్టి మార్చండి. గుద్దుకోవడాలు, గాల్లో బ్యాట్లు ఊపడాలు వద్దు. మారిన వెంటనే మొదటి నిమిషం చూడండి: బ్యాటు వదిలి వచ్చినవాళ్లు పెద్ద బంతిని కూడా ఎడమచేత్తోనే అందుకోబోతారు, అది జారిపోతుంది.

పటమట_పీఈటీ:

ఇది చాలు, పేపరు మీద పెట్టేశాను. గోల్ పోస్టు హెచ్ ఆకారం ఎలా చూపించాలి? మా దగ్గర మామూలు సాకర్ పోస్టులే ఉన్నాయి.

అరండల్‌పేట_4వలైను:

వాటి మీదే చేయొచ్చు. అసలు పోస్టు 6.5 మీటర్ల వెడల్పు, బార్ 2.5 మీటర్ల ఎత్తు. సాకర్ పోస్టు 7.32, 2.44. పిల్లల కంటికి తేడా తెలియదు. టింబర్ డిపోలో రెండు సరుగుడు బాదులు, 5 మీటర్లవి తెచ్చి రెండు నిలువు స్తంభాలకు బయటివైపు కట్టండి. ఒకటిన్నర మీటరు స్తంభం వెంబడి కిందికి దిగాలి, మూడున్నర మీటర్లు బార్ పైకి లేవాలి. తాడు రెండుచోట్ల కట్టాలి, ఒకటి బార్‌కి ఆనుకుని, ఒకటి బాదు కింది కొసన. ఒక్కచోటే కడితే మొదటి బంతి తగలగానే బాదు గిర్రున తిరిగిపోతుంది. పోస్టు భూమిలో పాతింది కాకుండా కదిలించేది అయితే వెనక కాళ్ల మీద ఒక్కో వైపు రెండేసి ఇసుక బస్తాలు పెట్టాకే బాదులు ఎత్తండి, పైబరువు పెరిగితే ముందుకు వాలుతుంది.